కొసరు ఆగిన నాడు



విశాఖపట్టణమున మేముండు వీథికి ప్రతి ఉదయము ఏడు గంటల వేళకు తోపుడు బండి మీద కూరగాయలు తెచ్చు ఒక ముదుసలి కలదు. మేము ఈ ఇంటికి వచ్చి పదునెనిమిది సంవత్సరములైనది. ఆమె బండి అంతకు ముందునుండియే ఆ మలుపులో ఆగుచున్నది. వంకాయలు గాని బెండకాయలు గాని తూచి సంచిలో పోసిన పిమ్మట ఆమె చేయి మరల ఒకసారి బండి మీదికి పోయి, రెండు కరివేపాకు రెబ్బలనో, చిన్న కొత్తిమీర కట్టనో, కాలమును బట్టి నాలుగు పచ్చిమిరపకాయలనో తెచ్చి ఆ సంచిలో పడవేయును. దానికి వెల లేదు. ఇచ్చితినని ఆమె చెప్పదు, పుచ్చుకొంటిమని మేము చెప్పము. తెలుగువారి సంతలలో దీనిని కొసరు అందురు. మొన్నటి శ్రావణమున వానలకు కొత్తిమీర కుళ్ళి ధర మిన్నంటినప్పుడు, ఆమె చేయి బండి మీదికి పోయినదే గాని సగములో ఆగిపోయినది. "కొత్తిమీర మండిపోతంది అమ్మగోరూ, ఈయేళ కర్రేపాకుతో సరిపెట్టుకోండి. ధర దిగినాక మళ్ళీ ఏత్తాను, ఏటనుకోకండి" అన్నది. మా ఇంటి ఇల్లాలు నవ్వి, సంచి పుచ్చుకొని లోనికి వచ్చినది. ఆ దినమున మా పప్పులో కొత్తిమీర లేదు. మా మనస్సులలో కోపమును లేదు.

నేటి ప్రసంగవిషయము కూరగాయలు కాదు. ఒక టెలికాం కంపెనీ తన వినియోగదారులకు ఉచితముగా ఇత్తునని చెప్పి ఇచ్చిన బ్రాడ్‌బ్యాండును నడుమ ఉపసంహరించుకొన్నప్పుడు, ఆ వినియోగదారులకు కలుగు క్షోభ ఎట్టిది, అది న్యాయమైనదా, లేక ఊరక వచ్చిన దానికై ఊరక చేయు రభసయా అనునది విషయము. అయినను ఆ ముదుసలి చేయి బండి మీద సగములో ఆగిన ఆ క్షణమును శ్రోతలు ఒకింత జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాను.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. ఉచితము అనగా సంస్కృతమున తగినది, యుక్తమైనది అని అర్థము. ఉచితానుచితములు తెలిసినవాడనుచో మనమును ఆ అర్థముననే వాడుదుము. కాని తెలుగువారమును మన పొరుగువారైన కన్నడిగులును అదే మాటను వెల లేనిది అను అర్థమున కూడ నిత్యవ్యవహారమున వాడుకొనుచున్నాము. ఒకే శబ్దము తగినదనియు, వెలలేనిదనియు చెప్పుచుండుటచే మనకు ఒక ప్రమాదము కలుగుచున్నది: గోడ మీద ఉచితము అను అక్షరములు కనబడగానే, అది తగినదో కాదో విచారించు శక్తి మనలో కొంచెము మందగించును. ఇంగ్లీషువాని ఫ్రీ అను మాటకు స్వేచ్ఛ అనునది రెండవ యర్థము. వాని పొరపాటు వేరు, మన పొరపాటు వేరు.

రెండు సంవత్సరముల క్రిందట ఒక కంపెనీవారు, పేరు ఇచ్చట అనవసరము, మా వీథిలో ఇల్లిల్లు తిరిగిరి. మెడలో గుర్తింపు కార్డు, వీపున సంచి, చేతిలో ట్యాబు గల ఒక కుర్రవాడు మా గుమ్మమున నిలిచి, "సర్, యాభై ఎంబీపీఎస్, ఏడాది పొడుగునా ఫ్రీ సర్. రూటర్‌కి పదిహేను వందలు డిపాజిట్, అది కూడా తిరిగిచ్చేస్తాం సర్" అని చెప్పినాడు. ఆ కుర్రవాని ముఖమున కపటము లేదు. అతడు నమ్మినదే చెప్పినాడని నేటికిని నా విశ్వాసము. ఆధార్ కార్డు చూపితిని, వ్రేలి ముద్ర వేసితిని, డిపాజిట్టు కట్టితిని. తీగ లోనికి వచ్చుటకు ముందుగది గోడకు రెండు రంధ్రములు పడినవి. ఏండ్ల తరబడి ఇంట నున్న పాత ల్యాండ్‌లైను కనెక్షను ఇక దండుగ గదా యని వదలుకొంటిమి. అంతతో ఆగితినా? వీథిలో మరి మూడు ఇండ్లవారికి నేనే సిఫారసు చేసితిని.

నాలుగు మాసములు సుఖముగా జరిగినవి. మా కోడలు రాత్రి వేళల ఇంటనుండియే ఉద్యోగము చేయును. ఆమె పని సాగినది. ఐదవ మాసమున ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటిన తరువాత సెల్‌ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజి వచ్చినది. దాని తాత్పర్యము: ప్రియమైన కస్టమరూ, మీ ప్లాను అప్‌గ్రేడు చేయబడినది, వచ్చు నెలనుండి 500 రూపాయలు, దానిపై పన్ను. పన్ను నూటికి 18 కనుక మొత్తము 590. తీసివేయుటను అప్‌గ్రేడు అనుట, అనగా కూలగొట్టుటను కట్టుట యనుట, నేను ఈ డెబ్బది యేండ్లలో చూచిన భాషాచమత్కారములలో ఒకటి. కాశీమజిలీ కథలలోని మాయావులు సైతము రూపము మార్చిరే గాని క్రియాపదముల అర్థము మార్చలేదు.

మరునాడు కస్టమర్ కేర్‌కు ఫోను చేసితిని. తెలుగునకు రెండు నొక్కుము, బిల్లులకు మూడు నొక్కుము అను కంఠము పిమ్మట సంగీతము, సంగీతము పిమ్మట ఒక బాలిక. "ఆ ఆఫర్ క్లోజ్ అయిపోయింది సర్. సిస్టంలో చూపించట్లేదు సర్" అన్నది. ఏడాది అని చెప్పితిరి గదా యనగా, "టర్మ్స్ అండ్ కండిషన్స్‌లో ఉంటుంది సర్" అన్నది. ఆ షరతులు ఎచ్చట నున్నవని యడుగగా ఆమె ఒక నిమిషము మౌనము వహించినది. ఆ మౌనమున నాకు ఆమె మీద జాలి కలిగినది. ఆ నిర్ణయము ఆమె చేయలేదు, మార్చను లేదు, కాని దినమునకు వందమంది కోపమును ఆమెయే వినవలెను.

సాయంకాలము ఎదురింటి పెద్దాయన, పోర్టులో పని చేసి రిటైరైనవారు, అరుగు మీద కూర్చుండి నా గోడు విని, "ఊరికే ఇచ్చినవాడు ఊరికే తీసుకున్నాడు, మనకెందుకండీ కోపం?" అన్నారు. ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. లోపలి నుండి మా ఇంటి ఇల్లాలు చెప్పినది: "ఊరికే ఇచ్చేవాడైతే మన గుమ్మంలోకి వచ్చి వేలిముద్ర ఎందుకు వేయించుకున్నాడండీ?"

ఈ రెండు మాటల నడుమనే నేటి విషయమంతయు నున్నది. పెద్దాయన మాటలో సత్యము లేకపోలేదు గనుక, ముందు దానికి న్యాయము చేయుదము.

బ్రాడ్‌బ్యాండు ఇంటికి వచ్చుట యన నేమి? వెంట్రుక మందమున గాజుపోగు ఒకటి, వెలుతురును మోయుచు, కంపెనీవారి కార్యాలయమునుండి స్తంభముల మీదుగానో భూమిలోనుండియో మన వీథికి వచ్చును. వీథి చివర ఒక చిన్న పెట్టెలో అది చీలును. సాధారణముగా ఒక్క పోగు ముప్పదిరెండు ఇండ్లకు గాని అరువదినాలుగు ఇండ్లకు గాని పంచబడును. రాత్రి తొమ్మిదింటికి సినిమా మధ్యలో ఆగిపోవుటకు ఒక కారణము ఈ పంపకము. ఈ పని యందలి ఖర్చులో అధికభాగము పోగు పరచుటయందే కలదు: కార్పొరేషను అనుమతులు, రోడ్డు త్రవ్వకములు, స్తంభముల అద్దెలు. పరచిన పిమ్మట పదునేడవ ఇంటికి ఇచ్చుటకు అయ్యెడి అదనపు ఖర్చు మిక్కిలి స్వల్పము. కాబట్టి ఖాళీగా నున్న పోగును మొదటి కొన్ని మాసములు ఊరకనే ఇచ్చి వీథిని నింపుకొనుట వర్తకనీతి దృష్ట్యా అవివేకము కాదు, అధర్మమును కాదు. క్రొత్త సినిమాహాలు తెరచినవాడు మొదటి ఆటకు పాసులు పంచును గదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా నగరముపై పడి స్తంభములను, వానితోపాటు తీగలను నేలపాలు చేసినపుడు, ఆ తీగలను తిరిగి లేపుటకు ఎంత శ్రమ పడిరో చూచినవారము. ఆ శ్రమ ఎల్లకాలము ఎవరును ఊరక చేయలేరని మేము ఎరుగుదుము. అందుచేత, వెల అడుగుట తప్పు అని నేను అనుట లేదు.

మరి కోపమెందుకు? ఈ కోపము నా యొక్కనిదే కాదు. ఇటీవలి కాలమున ఈ దేశమున కోట్లకొలది జనులు దీనిని అనుభవించిరి. 2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో తన సేవలను ఆరంభించినది. అంతవరకు మనవారు నెలకు ఒక జీబీ డేటాను, పెళ్ళివారింట నేయి వలె, గరిటె వెనుక భాగముతో వడ్డించుకొనుచుండిరి. అట్టివారికి ఆ సంవత్సరము డిసెంబరు 31 వరకు డేటాయు మాటలును సమస్తము ఉచితమని ప్రకటన వెలువడినది. ఆధార్ నకళ్ళు పట్టుకొని దుకాణముల ముందు బారులు తీరిన జనమును విజయవాడలోను హైదరాబాదులోను కన్నులార చూచినవారు శ్రోతలలో ననేకులుందురు. 83 దినములలో ఐదు కోట్ల మంది చేరిరి. 170 దినములలో పది కోట్లయిరి. డిసెంబరు వచ్చుసరికి, నూతన సంవత్సరపు ఆఫరు అను పేర ఉచితము 2017 మార్చి 31 వరకు పొడిగింపబడినది. రోజుకు 4 జీబీగా నున్నది 1 జీబీ యైనది. ప్రమోషనల్ ఆఫరు 90 దినములకు మించరాదను నియమము టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్‌కి ఉన్నది గదా, ఇది ఎట్లు చెల్లునని పోటీ కంపెనీలు ట్రైబ్యునలు మెట్లెక్కినవి. మార్చి వచ్చుసరికి 99 రూపాయలిచ్చి ప్రైము సభ్యులు కమ్మనిరి. దినము దగ్గరపడగానే గడువును ఏప్రిలు 15కు జరిపి, 303 రూపాయలకు రీచార్జి చేసినవారికి మరి మూడు మాసములు ఇత్తుమనిరి. ఏప్రిలు 6న ట్రాయ్ దానిని ఉపసంహరింపుమని చెప్పినది, కంపెనీ ఉపసంహరించినది. ఐదు దినములు గడచినవో లేదో ధన్ ధనా ధన్ అను పేర, 309 రూపాయలకు 84 దినములు అను వేరొకటి ఉదయించినది. ఈ వరుసను సావధానముగా చూచినచో, ఆ ఆరేడు మాసములలో సామాన్యుడు దేనిని ఉచితమనుకొనుచు నిదురించెనో మరునాడు అది ఏ పేరుతో మేల్కొనునో ఎరుగక యుండెనని తెలియును. దేశములో ఏ నెట్‌వర్కుకైనను మాటలకు రుసుము లేదను ఆనాటి మాట సైతము 2019 అక్టోబరులో వంకర తిరిగినది: ఇతర కంపెనీల ఫోనులకు నిమిషమునకు 6 పైసలు కట్టవలసి వచ్చినది. కంపెనీల నడుమ చెల్లించుకొను ఛార్జీ ఇంకను రద్దు కాకపోవుటయే కారణమని కంపెనీ చెప్పినది, ఆ మేరకు డేటా ఇచ్చినది, ఆ ఛార్జీ రద్దయిన 2021 జనవరి 1 నుండి తిరిగి తీసివేసినది. కారణము ఉన్నమాట నిజమే. కాని కారణముండుట వేరు, వినువానికి మాట తప్పినట్లుండుట వేరు.

ఇంటి బ్రాడ్‌బ్యాండు విషయమునను ఇదే కథ. 2018 ఆగస్టు 15 నుండి జియో ఫైబరుకు పేర్లు నమోదు చేసికొనిరి. డిపాజిట్టు కట్టినవారికి పరీక్షార్థము, నెలకు 100 జీబీ, ఏ నెలసరి రుసుము లేక ఇచ్చిరి. 2019 సెప్టెంబరు 5న అది వర్తకముగా తెరువబడినపుడు ప్లానులు 699 రూపాయల నుండి 8,499 రూపాయల వరకు నుండినవి. తొలినాళ్ళవారు తరువాతి మాసములలో వానిలోనికి మార్చబడిరి. పరీక్ష యని ముందే చెప్పినారు గదా యనవచ్చును. చెప్పినారు. అయితే మన గృహములలో ఏ వస్తువైనను సంవత్సరము పాటు ఒక మూలన వెలుగుచుండినచో అది పరీక్ష కాదు, కాపురము.

ప్రభుత్వసంస్థయైన బీఎస్ఎన్‌ఎల్ సైతము దీనికి అతీతము కాదు. 2015 మే 1 నుండి రాత్రి తొమ్మిదింటినుండి ఉదయము ఏడింటివరకు ల్యాండ్‌లైను నుండి దేశములో ఏ ఫోనుకైనను మాటలు ఉచితమన్నారు; 2016 ఆగస్టు 15 నుండి ఆదివారములు పగలంతయు ఉచితమన్నారు. మూలబడిన నల్ల ఫోనులను పల్లెలలో దుమ్ము దులిపి మేజా బల్లల మీద మరల పెట్టుకొనిరి. 2018 జనవరిలో ఆ రాత్రి పదిన్నరకు ప్రారంభమై ఆరు గంటలకే తెల్లవారినది. ఫిబ్రవరి 1 నుండి ఆదివారము మామూలు వారమైనది. తొమ్మిది గంటలకు భోజనము ముగించి, కూతురికి ఫోను చేసి, పదింటికి నిదురించు తల్లికి పదిన్నర అనునది అర్ధరాత్రియే. గంటన్నర కోత కాగితము మీద స్వల్పము, ఆమె జీవితమున సంపూర్ణము. అదే సంస్థ 2020 మార్చిలో, దేశమంతయు తలుపులు మూసికొన్న దినములలో, ల్యాండ్‌లైను ఉండి బ్రాడ్‌బ్యాండు లేని ఇండ్లకు రోజుకు 5 జీబీ చొప్పున ఒక నెల ఊరకనే ఇచ్చి, పలుమార్లు పొడిగించి, పిమ్మట ఆపినది. ఇందు నేను ఆక్షేపింపదగినది కానరాదు. ఆపత్కాలమునకు ఇచ్చితిమని చెప్పిరి, నెల అని చెప్పిరి, చెప్పినదానికంటె ఎక్కువ కాలమే ఇచ్చిరి. ఇది బండి మీది కొత్తిమీర వంటిది.

విదేశములలో నీతి వేరుగా నుండునని భ్రమింపవలదు. 2006 ఏప్రిలులో ఇంగ్లండున కార్‌ఫోన్ వేర్‌హౌస్ అను కంపెనీ తన టాక్‌టాక్ సేవతో బ్రాడ్‌బ్యాండు ఎప్పటికిని ఉచితమని చాటినది. ఫోను లైను అద్దెయు మాటల ప్యాకేజీయు కలిపి నెలకు ఇరువది పౌండ్లకు పైబడి కట్టుచు, పదునెనిమిది మాసముల ఒప్పందమునకు కట్టుబడినవారికి మాత్రమే ఆ ఉచితము. జనము విరుచుకొని పడిరి. కనెక్షనులకై వారములు, మాసములు ఎదురుచూచిరి. పాలు ఊరక ఇచ్చెదనని, చెంబును మాత్రము నెలనెలా అద్దెకు పుచ్చుకొమ్మనినవాడు మన గొల్లపాలెములో నుండినచో ఊరంతయు నవ్వియుండును.

ఇప్పుడు మా ఇంటి ఇల్లాలి ప్రశ్నకు వచ్చెదను. ఊరక ఇచ్చువాడు మనయొద్ద ఏమి పుచ్చుకొన్నాడు? వ్రేలిముద్ర పుచ్చుకొన్నాడు. గోడకు రెండు రంధ్రములు పుచ్చుకొన్నాడు. పాత కనెక్షనును వదలించినాడు. ఆ పాత తీగ స్తంభమునుండి కోసివేయబడినది, దాని నంబరు ఏండ్ల తరబడి మా బంధువులందరకు కంఠస్థమై యుండినది, ఇప్పుడది లేదు. నా నోటి మాటను పుచ్చుకొని మూడు ఇండ్లకు వ్యాపించినాడు. మెసేజి వచ్చిన మరునాడు ఆ మూడు ఇండ్లవారు కంపెనీ ముఖము చూడలేరు గనుక నా ముఖము చూచిరి. మా కోడలి ఉద్యోగము ఆ తీగ మీద ఆధారపడునట్లు చేసికొన్నాడు. ఇవియన్నియు వెలలే, రూపాయలలో వ్రాయబడని వెలలు. కనుక అది దానము కాదు. క్రయవిక్రయము. సగము ఒప్పందము జరిగినది: మేము ఇయ్యవలసినదంతయు మొదటి దినముననే ఇచ్చితిమి, వారు ఇయ్యవలసిన దానిలో సగమునకు తక్కువే ఇచ్చిరి.

కొసరునకును ఎరకును భేదము ఇచ్చటనే యున్నది. కొసరు బేరము ముగిసిన పిమ్మట వచ్చును. ఎర బేరమునకు ముందు వచ్చును. కొసరు ఆగినచో ఆ ముదుసలి వద్ద మరునాడు కొనకుండ నుండుటకు నాకు స్వేచ్ఛ గలదు, వీథి చివర రైతుబజారు గలదు. ఎర మ్రింగిన చేపకు గాలము వెలుపలికి రాదు. నెలకు 590 కట్టుటకు ఇష్టము లేని నేను మరియొక కంపెనీ కొరకు విచారింపగా, మా వీథికి మరియొక పోగు రానేలేదని తెలిసినది.

ఈ సంకటము వీథికి మాత్రమే పరిమితము కాదు. 2016 నాటికి దేశమున అర డజనునకు పైబడి ప్రయివేటు మొబైల్ కంపెనీలుండెను. ఉచితపు వెల్లువ తీసిన పిమ్మట ఎయిర్‌సెల్ దివాలా తీసినది; రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైలు వ్యాపారము మానుకొన్నది; టెలినార్, టాటావారి మొబైలు వ్యాపారములు ఎయిర్‌టెల్‌లో కలిసినవి; 2018 ఆగస్టు 31న వోడాఫోన్ ఐడియాలు రెండును ఒక్కటయ్యెను. ఆ కంపెనీల అప్పులకును తప్పులకును వేరు కారణములును కలవు, సమస్తమును ఒక్కరి నెత్తిన రుద్దుట ధర్మము కాదు. కాని మిగిలినవి మూడు ప్రయివేటు కంపెనీలు. ఆ మూడును 2019 డిసెంబరులో, 2021లో, 2024 జూలైలో కొలది దినముల యంతరముతో వెలలు పెంచినవి. జియోలో 239 రూపాయలుగా నుండిన నెలసరి ప్లాను 2024 జూలై 3న 299 అయినది. ఉచితముగా భుజించిన ఆరేడు మాసముల విందునకు బిల్లు ఇట్లు విడతలు విడతలుగా వచ్చుచున్నది.

చట్టము ఏమి చేయుచున్నదని శ్రోతలు అడుగవచ్చును. చట్టము ఉన్నది, పొడుగాటి కాళ్ళతో మెల్లగా నడచుచున్నది. 2005 చివర కంపెనీలు 999 రూపాయలకు జీవితకాలపు ఇన్‌కమింగ్ అని అమ్మినపుడు, ఎవరి జీవితకాలము అను ప్రశ్న వచ్చినది. 2006 మార్చిలో ట్రాయ్ చెప్పినది: కంపెనీకి లైసెన్సు ఉన్నంత కాలము, లైసెన్సు పునరుద్ధరించినచో అంతకాలము. చందాదారుని ప్రాణముతో దానికి సంబంధము లేదు. ఒక ప్లానులో చేరినవానికి ఆరు మాసముల వరకు ఆ ప్లాను నిలిచి యుండవలెనను నియమమును కలదు. 2022 జూనులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించు ప్రకటనలపై మార్గదర్శకములు వెలువరించి, ఎర ప్రకటనలను గూర్చియు, ఉచితమను ప్రకటనలను గూర్చియు ప్రత్యేకముగా వ్రాసినది: స్పందించుటకు, తెప్పించుకొనుటకు తప్పనిసరియైన ఖర్చు తప్ప వినియోగదారుడు మరేమి చెల్లింపవలసి వచ్చినను దానిని ఉచితమనరాదు. ఫోను వివాదములు వినియోగదారుల ఫోరములకు రావని, 1885 నాటి టెలిగ్రాఫు చట్టము క్రింద మధ్యవర్తిత్వమునకే పోవలెనని 2009లో సుప్రీంకోర్టు చెప్పియుండెను. 2022 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానము, ఫోరమునకు పోవు హక్కు వినియోగదారునికి కలదని తేల్చినది. పదమూడేండ్లు మూసియున్న ద్వారము తెరచుకొన్నను, దాని సంగతి ఎందరెరుగుదురు?

నేను మొదట కంపెనీకే వ్రాసితిని. డాకెట్ నంబరు ఇచ్చిరి. మీది ప్లాను కాదు, పరిచయపు ఆఫరు, కావున ఆరు మాసముల నియమము మీకు వర్తింపదని సమాధానము వచ్చినది. ఆఫరైనచో 90 దినములకు మించరాదు, మీరు ఏడాది యని ఎట్లు అమ్మితిరని మరల వ్రాసితిని. ప్లానైనచో నడుమ మార్పరాదు, ఆఫరైనచో అంత పొడుగు ఇయ్యరాదు. నాకు ఇచ్చినది ఈ రెంటికిని చెందక, త్రిశంకుని వలె స్తంభములకును ఇంటికప్పునకును నడుమ వ్రేలాడుచున్నదన్నమాట. దీనికి సమాధానముగా, మీ అభిప్రాయము మాకు అమూల్యము అను వాక్యము వచ్చినది. అప్పీలు అధికారికి వ్రాసితిని; ఆ అధికారి 39 దినములలో తేల్చవలెనని నియమము. నలుబదియవ దినమున ఒక మెసేజి వచ్చినది. అందులో రెండు మాసముల రుసుము మాఫీ యని యుండెను; ఏడాది యన్న మాట ఏమైనదో లేదు, పొరపాటు అను పదము లేదు.

ఎదురింటి పెద్దాయన, "రెండు నెలలు వచ్చాయిగా, వదిలేయండి" అన్నారు. ఆయన శాంతమూర్తి. రుసుము మాఫీ చేసినందుకు నేనును సంతోషించితిని. కాని ఆ రాత్రి మెసేజి తెలుగులో, ఇట్లు వచ్చియుండినచో: మేము లెక్క తప్పితిమి, ఏడాది ఇయ్యలేకున్నాము, ఇంకొక నెల ఇత్తుము, ఇష్టము లేనివారు రూటరు తిరిగి యిచ్చి డిపాజిట్టు వెంటనే పుచ్చుకొనవచ్చును అని వచ్చియుండినచో, నేను 590 కట్టియుందును, ఈ ప్రసంగమును వ్రాసియుండను. నాలుగు వాక్యములు. బండి మీద కూరలమ్ము ముదుసలి, అక్షరములు రానిది, వానిని రెండు వాక్యములలో చెప్పినది.

శ్రోతలలో ఎవరికైనను ఇట్టి మెసేజి వచ్చియుండినచో, మొదట దానిని తుడిచివేయక దాచియుంచుడు. ఇంటికి వచ్చిన కుర్రవాడు ఇచ్చిన కరపత్రమును పాత వార్తాపత్రికలతోపాటు తూకమునకు వేయకుడు. ఫోనులో మాటాడిన ప్రతిసారియు డాకెట్ నంబరు అడిగి, క్యాలెండరు మీద ఆ తేదీకి ప్రక్కన వ్రాసికొనుడు. కంపెనీ వినకున్న అప్పీలు చేయుడు. అప్పుడును వినకున్న 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పుడు. ఫోరము ద్వారము కూడ తెరచియే యున్నది.

నేను గత మాసమున ఆ కనెక్షనును వదలుకొంటిని. వీథికి రెండవ పోగు వచ్చినది. కుర్రవాడు వేరు, కార్డు వేరు, ట్యాబు అదే రకము. మూడు నెలలు ఫ్రీ అన్నాడు. వలదు, నెలసరి వెల ఎంతో చెప్పుమంటిని. పాత రూటరును కంపెనీవారు వచ్చి తీసికొనిపోయి రసీదు ఇచ్చిరి. పదిహేను వందల రూపాయల డిపాజిట్టు మాత్రము ఈ ప్రసంగము చేయు నాటికి ఇంకను రాలేదు.